నడుము కొలత: రోజువారీ జీవితంలో బరువు, ఒంటి సత్తువ

ఒంటి బరువును అదుపులో ఉంచుకోవడం, కండల బలాన్నీ గుండె, ఊపిరితిత్తుల దమ్మునూ నిలుపుకోవడం, ఈ రెండింటినీ కలిపి ఇప్పుడు అందరం ఫిట్‌నెస్ అంటున్నాం. దీనికి సరిపడే ఒక్క తెలుగు మాట ఇంకా స్థిరపడలేదు గానీ, ‘ఒళ్లు’ చుట్టూ అల్లుకున్న పలుకుబడులు చాలానే ఉన్నాయి. చాన్నాళ్లకు కనిపించినవాళ్లతో ‘కాస్త ఒళ్లు చేశావు’ అంటే అది మెచ్చుకోలు. ‘చిక్కిపోయావేం?’ అంటే ఆదుర్దా. ఒళ్లు వంచడమంటే కష్టపడటం, ఒళ్లు దాచుకోవడమంటే పని ఎగ్గొట్టడం. తిండికి కరువు ఉండి, పనికి కరువు లేని కాలంలో పుట్టిన మాటలివి. ఇప్పుడు ఆ రెండూ తారుమారయ్యాయి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మధ్య వయసువారిలో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు.

అతిగా లావెక్కడాన్ని దోషంగా గుర్తించడం మన దేశానికి కొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానం నిందితమైన ఎనిమిది రకాల దేహాలను చెబుతూ అందులో అతిస్థూల దేహాన్నీ, అతికృశ దేహాన్నీ చేర్చింది. అతిస్థూలుడికి ఆకలి ఎక్కువని, ఆయాసం ఎక్కువని, ఆయుష్షు తక్కువని అప్పుడే రాసిపెట్టారు. అప్పట్లో అది కలిగినవారిలో కొద్దిమందికే వచ్చే జబ్బు. ఇప్పుడు ఆటో నడిపే మనిషికీ, కుట్టుమిషను ముందు కూర్చునే మహిళకూ, మూడో తరగతి పిల్లవాడికీ వచ్చిన జబ్బు.

అయితే దక్షిణాసియావాసుల విషయంలో తూనికరాయి కంటే కొలతాడు ఎక్కువ నిజం చెబుతుంది. మన ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

తూనిక నుంచి కొలతకు

బరువును ఎత్తుతో పోల్చి చూసే పద్ధతి బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లెట్‌ది. 1830ల్లో ఆయన ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో లెక్కగడుతూ, పెద్దవాళ్లలో బరువు ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని గమనించాడు. రోగాలను పసిగట్టడం ఆయన ఉద్దేశం కానే కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఆ లెక్కకే బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అదే నేటి బీఎంఐ. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. 165 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు ఉన్నవారికి ఇది 25కు కొద్దిగా తక్కువ.

ప్రపంచమంతటికీ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం అన్నారు. ఆసియావాసుల్లో మధుమేహం, గుండెజబ్బు అంతకంటే తక్కువ అంకెల దగ్గరే మొదలవుతున్నాయని తేలాక, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 23 దగ్గరే జాగ్రత్త పడాలన్నారు. 2009లో భారతీయ వైద్య నిపుణులు ఏకాభిప్రాయంతో మన దేశానికి 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని హద్దులు గీశారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. అక్కడి డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలున్నవారికి బీఎంఐ 23 దగ్గరే మధుమేహ పరీక్ష చేయాలని చెబుతోంది. వైద్యుడు అడగకపోతే మనమే గుర్తుచేయవచ్చు.

ఈ హద్దుల వెనక ఉన్న కథను ఒకే ఒక్క ఫొటో చెప్పింది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన నిలబడిన బొమ్మ అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూపులకు ఇద్దరూ సన్నగానే ఉన్నారు. లోపలికి తొంగిచూసే ఎక్స్‌రే యంత్రం మాత్రం యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతమనీ, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతమనీ చూపింది. సన్నని కాళ్లు, సన్నని చేతులు, వాటి మధ్య కొద్దిగా ముందుకొచ్చిన పొట్ట. మన వీధుల్లో రోజూ కనిపించే ఈ ఆకారాన్ని చూసి మనం ‘మనిషి బక్కపల్చనే’ అంటాం.

చర్మం కింద పేరుకునే కొవ్వు వేరు, పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. తొడల మీదా పిరుదుల మీదా ఉన్న కొవ్వు చాలావరకు నిల్వసరుకు, పెద్దగా హాని చేయదు. పొట్ట లోపలి కొవ్వు అలా ఊరుకోదు. దాన్నుంచి విడుదలైన కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి కాలేయానికి రక్తం మోసే సిర గుండా నేరుగా కాలేయంలోకి చేరతాయి. కాలేయానికి కొవ్వు పడుతుంది, అది ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మద్యం ముట్టని మనుషుల స్కానింగు కాగితాల మీద ‘ఫ్యాటీ లివర్’ అని కనిపించడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా లక్షా 13 వేల మందిని పరిశీలించి 2023లో ప్రకటించిన ఫలితాల్లో స్థూలకాయం 28.6 శాతం మందిలో ఉంటే, పొట్ట దగ్గరి కొవ్వు 39.5 శాతం మందిలో ఉంది. ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉన్నదంతా తూకానికి దొరకనివాళ్లే.

కొలిచే తీరు

మన ఇళ్లలో నడుముకు రెండు పాత కొలతలున్నాయి. మగవాళ్ల మొలతాడు, ఆడవాళ్ల వడ్డాణం. పెళ్లినాడు చేయించిన వడ్డాణం పదేళ్ల తర్వాత కొక్కెం అందకపోతే అది కచ్చితమైన సమాచారమే. మొలతాడు మాత్రం అంత నమ్మకమైన సాక్షి కాదు. పొట్ట పెరిగేకొద్దీ అది కిందికి జారి, పొట్ట కింద తుంటి ఎముకల దగ్గర నిలుస్తుంది. ప్యాంటు నడుము పట్టీ కూడా అంతే. అందుకే ‘నాది ఇరవయ్యేళ్లుగా 34 సైజే’ అని నిశ్చింతగా ఉన్నవారి అసలు నడుము 39 అంగుళాలుండవచ్చు. ప్యాంటు సైజు తుంటి కొలత, నడుము కొలత కాదు.

సరైన తీరు ఇది. ఉదయం పరగడుపున నిలబడి, పక్కటెముకల్లో అన్నిటికన్నా కింది దానినీ, తుంటి ఎముక పై అంచునూ వేలితో తడిమి గుర్తించాలి. ఆ రెంటికీ నడిమధ్యన టేపును నేలకు సమాంతరంగా చుట్టాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలిన క్షణాన అంకె చదవాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. అంగుళాల్లో దాదాపు ముప్పయ్యయిదున్నర, ముప్పయ్యొకటిన్నర.

టేపు లేకపోయినా ఫర్వాలేదు. మీ ఎత్తుకు సరిపడా ఒక దారం తీసుకుని సగానికి మడవండి. ఆ మడత మీ నడుము చుట్టూ తిరిగి రెండు కొసలూ కలవాలి. కలవకపోతే నడుము ఎత్తులో సగం దాటిందన్నమాట. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2022 నుంచి ప్రజలకు చెబుతున్న పరీక్ష సారాంశం ఇదే. పూలు కట్టే దారం చాలు.

ఈ ఒళ్లు ఎక్కడిది

మన పొట్టల కథ అమ్మ కడుపులోనే మొదలవుతుందని పుణె పరిశోధనలు చూపాయి. యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి పిల్లలది 3.5 కిలోలు. చిన్న పిల్లల్లో అన్నీ తక్కువగానే ఉండాలి కదా. అయితే కండ చాలా తక్కువ, అవయవాలు చిన్నవి, కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. పోషణ చాలని గర్భంలో శరీరం కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంది. ఆ బిడ్డ పెరిగి, పట్నం చేరి, కుర్చీలో కూర్చుని తెల్లన్నం తింటే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల మధుమేహ లెక్కలే చెబుతున్నాయి.

దీనికి అచ్చంగా తెలుగు నేల మీద జరిగిన అధ్యయనం ఒకటుంది. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో సగానికి గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ పోషకాహారం అందింది. మిగతా పల్లెలకు ఆ కార్యక్రమం అప్పటికి చేరలేదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ పిల్లల్ని పదిహేనేళ్ల తర్వాత వెతికి పట్టుకున్నారు. పోషకాహారం అందిన పల్లెల పిల్లలు మిగతా పల్లెల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఒంటి కొవ్వులో తేడా లేదు. చిన్నప్పుడు అంగన్‌వాడీలో పెట్టిన తిండి యౌవనంలో గుండెకు రక్షణగా మారిందన్నమాట. నడివయసు పొట్టను గురించి రాసేటప్పుడు అంగన్‌వాడీని ఎందుకు తలచుకోవాలో ఈ అధ్యయనం చెబుతుంది.

తర్వాతి మెట్టు వలస. హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల కర్మాగారాల కార్మికులను, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులతో పోల్చిన భారత వలస అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. ఒకే తల్లిదండ్రుల పిల్లలు, ఒకే రక్తం. పట్నం వచ్చినవారిలో స్థూలకాయం పల్లెలో ఉన్నవారి కంటే దాదాపు రెట్టింపు. జన్యువుల మీద నేరం మోపడానికి ఇక్కడ వీల్లేదు. మారింది తిండి, మారింది కదలిక.

కదలిక

కూర్చునే పని ఒంటిని ఏం చేస్తుందో మొదట తేల్చింది లండన్ బస్సులు. వైద్యుడు జెరెమీ మోరిస్ 1953లో అక్కడి రెండంతస్తుల బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చాడు. కండక్టర్లు రోజంతా మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొడతారు, డ్రైవర్లు సీటు వదలరు. గుండెజబ్బులు కండక్టర్లలో బాగా తక్కువని తేలింది. మూడేళ్ల తర్వాత మోరిస్ మరో విషయం బయటపెట్టాడు. సంస్థ కుట్టించే యూనిఫాంల కొలతల పుస్తకాలు తిరగేస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుములు కండక్టర్ల కంటే పెద్దవి. చేరిన కొత్తలోనే ఆ తేడా కొంత ఉంది కాబట్టి మొత్తం నేరం సీటుదే కాదని నిజాయతీగా ఆయనే చెప్పాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు జరిగిన పరిశోధనలు మాత్రం కదలిక పక్షానే నిలిచాయి.

ఒంటికి రోజూ ఖర్చయ్యే శక్తిలో 60 నుంచి 70 శాతం ఊరికే బతికి ఉండటానికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి మరో పదో వంతు. మిగిలింది కదలిక. ఆ కదలికలోనూ వ్యాయామం వాటా చాలామందిలో చాలా చిన్నది. లేవడం, వంగడం, నిలబడి వండటం, నడిచి వెళ్లి పాలప్యాకెట్ తేవడం లాంటి లెక్కలోకి రాని పనులే ఎక్కువ. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ 1999లో ప్రకటించిన అధ్యయనంలో పదహారు మందికి రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా పెట్టి ఎనిమిది వారాలు చూశాడు. కొందరికి నాలుగు కిలోలకు పైగా కొవ్వు చేరింది, కొందరికి అర కిలో కూడా చేరలేదు. చేరనివాళ్లు తమకు తెలియకుండానే ఎక్కువగా కదిలారు. మన అమ్మమ్మలకు వ్యాయామం అనే మాటే తెలియకపోయినా నడుము ఎందుకు నిలబడిందో దీన్ని బట్టి తెలుస్తుంది. చేద వేసి నీళ్లు తోడటం, రోలు, రోకలి, తిరగలి, కుంపటి ముందు గొంతుక్కూర్చోవడం. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. ఆ చాకిరీ పోయిన చోట ఇంకేదో రావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. వారానికి రెండు రోజులు కండలకు పని పెట్టాలి. ఓ మోస్తరు అంటే ఎంతో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అలిపిరి నుంచి కాలినడకన తిరుమల ఎక్కినవాళ్లకు ఇది అనుభవమే. 3,550 మెట్లలో గాలిగోపురం దాకా ఉన్న తొలి నిలువెక్కుడులో, చివర మోకాళ్ల పర్వతం దగ్గర నోట వచ్చేది ‘గోవిందా’ అన్న ఒక్క మాట, అదీ రెండు మెట్లకోసారి. మధ్యలో చదునుగా సాగే దారిలో పక్కవాళ్లతో ఇంటి సంగతులు చెప్పుకోగలుగుతారు. మొదటిది గట్టి శ్రమ, రెండోది ఓ మోస్తరు. మీ వీధిలో నడిచేటప్పుడు రెండో దాన్ని అందుకుంటే చాలు.

రోజుకు పదివేల అడుగులన్న అంకెకు పుట్టుక వైద్యశాలలో కాదు, అంగట్లో. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు మన్‌పో–కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అంకె గుండ్రంగా ఉంది, నిలిచిపోయింది. తర్వాత లక్షల మందిని గమనించిన అధ్యయనాల్లో ఏడెనిమిది వేల అడుగుల దగ్గరే లాభంలో పెద్ద భాగం దక్కుతోందని, రెండు మూడు వేలు నడిచేవాళ్లు మరో వేయి పెంచుకున్నా గుర్తించదగ్గ మేలు జరుగుతోందని తేలింది. పదివేలు కాలేదని సాయంత్రం నడక మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ అంకె వాళ్లకు చేసిన చెరుపు చిన్నది కాదు.

భోజనం తర్వాతి నడకకు ప్రత్యేకత ఉంది. అన్నం తిన్న అరగంట నుంచి గంటన్నర మధ్య రక్తంలో చక్కెర పైకి లేస్తుంది. ఆ సమయంలో కాళ్ల కండరాలు పనిచేస్తే అవి ఆ చక్కెరను ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లాక్కుంటాయి. పది పదిహేను నిమిషాలు చాలు, వేగం అక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి తిని తొమ్మిదిన్నరకు మంచమెక్కే ఇళ్లలో ఈ ఒక్క మార్పు చేసే మేలు ఇంతా అంతా కాదు.

2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించింది. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఈ పదిహేను శాతం తేడాను బద్ధకం అనడం అన్యాయం. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడిచేవాళ్లకు దారి ఉంది, సమయమూ ఉంది. జిల్లా కేంద్రంలో డ్రైనేజీ పలకలు లేచిపోయిన ఫుట్‌పాత్ పక్కన కాపురముండే ఇల్లాలికి ఉదయం అయిదున్నర నుంచి తొమ్మిది దాకా పొయ్యి దగ్గరే సరిపోతుంది. చీకటి పడ్డాక వీధిలో ఒంటరిగా నడవడానికి జంకు. ఆమెకు డాబా మీది ఇరవై నిమిషాలే పార్కు. ఆ ఇరవై నిమిషాలూ ఇంట్లో మిగతావాళ్లు గిన్నెలు తోమితేనే దక్కుతాయి.

నెల సరుకుల చీటీ

తిండి దగ్గరికి వస్తే, నడకతో పొట్ట మొత్తం కరుగుతుందనుకోవడం పొరపాటు. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120–150 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 125 ఉన్నాయి. బరువు పెరగకుండా ఆపడంలో, తగ్గిన బరువును నిలబెట్టడంలో నడకకు సాటి లేదు. తగ్గించడం మాత్రం వంటింట్లోనే జరగాలి.

వంటింట్లో ఏ పూటకాపూట గ్రాములు తూచడం ఎవరివల్లా కాదు. అందుకు తేలిక దారి కిరాణా చీటీ. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాలగా పుట్టింది. అది సూచించిన రెండు వేల కేలరీల పళ్లెంలో రోజుకు ఒకరికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు (వాటి బదులు గుడ్లు, చేప, మాంసం కూడా) 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. అన్నీ వండకముందు తూకాలు. దీన్ని నలుగురు పెద్దవాళ్ల ఇంటికి నెల లెక్కన గుణించి చూద్దాం.

ధాన్యాలు 30 కిలోలు. అందులో బియ్యం, గోధుమపిండి, ఇడ్లీరవ్వ, బొంబాయిరవ్వ, అటుకులు, జొన్నలు, రాగులు అన్నీ రావాలి. చాలా ఇళ్లలో 25 కిలోల బియ్యం బస్తా మూడు వారాలకే అయిపోతుంది, గోధుమపిండి దానికి అదనం. నూనె మూడున్నర లీటర్లు. అయిదు లీటర్ల క్యాను నెల తిరక్కుండా ఖాళీ అయ్యే ఇంట్లో మనిషికి రోజుకు అదనంగా దాదాపు వంద కేలరీలు పోపుల్లో, వేపుళ్లలో పోతున్నట్టే. అది కాక ఊరగాయ నూనె, బయట తిన్న పునుగులు, మిర్చిబజ్జీలు. ఇక పప్పులు. పది కిలోలకు పైచిలుకు! కందిపప్పు, పెసరపప్పు, మినపప్పు, సెనగలు కలిపి చీటీ రాసే ఇల్లాలిని అడిగితే మూడు, మహా అయితే నాలుగు కిలోలంటుంది. గుడ్లూ ఆదివారం మాంసం కలిపినా లోటు సగం కూడా తీరదు.

మన పళ్లెం అసలు జబ్బు ఈ చీటీలో కనిపిస్తుంది. ఎక్కువ తింటున్నామన్నది సగం నిజమే. అన్నం ఎక్కువ, దానికి తోడు కావలసినవి తక్కువ. పప్పు అన్నంలో కలుపుకునేదిగా మారింది తప్ప, తినే పదార్థంగా మిగల్లేదు. పలచటి చారు, పచ్చడి, ఇంత పెరుగు, వీటన్నిటికీ ఆధారంగా కుప్పలా అన్నం. ధాన్యాల నుంచి వచ్చే శక్తి సగానికి లోపే ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతుంటే, మనలో చాలామందికి అంతకు మించే వస్తోంది.

అన్నం మానేయమనడం దీనికి మందు కాదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్కరికి వేరే వంట ఎన్నాళ్లు సాగుతుంది? చేయగలిగింది వడ్డన వరుస మార్చడం. కంచంలో మొదట కూర, పప్పు, ఆకుకూర వడ్డించి, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే పరిమాణం తనంతట అదే తగ్గుతుంది. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే చక్కెర పెరుగుదల నెమ్మదిస్తుందని ప్రయోగాల్లో కనిపించింది. గోంగూర పప్పు, తోటకూర పులుసు, బచ్చలికూర పప్పు లాంటివి గట్టిగా వండితే తోడు కూరలన్న స్థాయి దాటి భోజనంలో నడిమి స్థానానికి వస్తాయి. పెసరట్టు పొద్దుటి పూటకు ఇడ్లీ, దోశల కంటే మెరుగు, పొయ్యి మీద నూనె చేయి తగ్గించుకుంటే. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా లాంటి రకాల్లో రక్తంలోకి చక్కెర చేరే వేగం సాధారణ తెల్లబియ్యం కంటే తక్కువ. అయినా రెండు రెట్లు తింటే ఆ లాభం ఆవిరైపోతుంది. జొన్నరొట్టె, రాగిసంగటి విషయమూ అంతే.

తాగేవాటిని జనం లెక్కలోకి తీసుకోరు. రోజుకు అయిదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార అంటే 50 గ్రాములు, 200 కేలరీలు. చక్కెర రోజుకు పాతిక గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బెల్లం వేసుకున్నా లెక్క మారదు.

ప్యాకెట్ తిండి మీద ఒక ప్రయోగాన్ని మాత్రం చెప్పక తప్పదు. 2019లో వెలువడిన ఆ ప్రయోగంలో అమెరికాలోని కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు కర్మాగారంలో తయారైన తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టింది. రెండింటిలో అందుబాటులో ఉంచిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం. తినగలిగినంత తినమన్నారు. కర్మాగారం తిండి తిన్న రోజుల్లో ఒక్కొక్కరూ రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు. నోరు కట్టుకోలేకపోవడం మనిషి బలహీనత అని మనం తిట్టుకుంటాం. ఆ తిండిని తయారుచేసిన తీరులోనే ఆ ఎక్కువ తినడం ఉంది.

నిద్ర సంగతి ఇక్కడే రావాలి. అయిదు గంటల నిద్రతో లేచిన రోజు ఆకలి ఎక్కువ, తీపి మీద, వేపుడు మీద మనసు ఎక్కువ. హైదరాబాద్‌లో అమెరికా వేళల ప్రకారం రాత్రి ఉద్యోగాలు చేసేవాళ్లలో పొట్టలు పెరగడానికి తిండితో పాటు ఈ తెగిపోయిన నిద్రా కారణమే.

తగ్గించుకునే దారులు

2018 ప్రాంతంలో కొబ్బరినూనె తాగుతూ అన్నం పూర్తిగా మానేసే ఒక పద్ధతి మన రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. మొదటి వారంలో మూడు నాలుగు కిలోలు తగ్గినవాళ్లు చాలామంది. కాలేయంలో, కండల్లో ఉన్న నిల్వ పిండిపదార్థం ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరు పోతుంది, తూకం పడిపోతుంది. తర్వాతి తగ్గుదల నిజమైనదే, కానీ అది ఇతర పద్ధతుల్లో వచ్చేదానికంటే పెద్దదేమీ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో 609 మంది మీద ఏడాదిపాటు జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో పిండిపదార్థాలు తగ్గించినవాళ్లూ, కొవ్వు తగ్గించినవాళ్లూ దాదాపు సమానంగానే, అయిదారు కిలోలు తగ్గారు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు మాత్రం వైద్యుడికి చెప్పకుండా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ జాగ్రత్తను ఈ పద్ధతిని ప్రచారం చేసిన ఆనాటి సభల్లో చెప్పినవారి కంటే చెప్పనివారే ఎక్కువ.

బరువు తగ్గాక మళ్లీ పెరగడం నిలకడ లేకపోవడం వల్లే అనుకోవడం తప్పు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, బీఎంఐకి పేరు పెట్టిన ఆన్సెల్ కీసే, 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది. తిండి తప్ప మరో ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసినవారున్నారు. తిండి తిరిగి పెట్టాక కొవ్వు మొదట ఉన్నదాని కంటే ఎక్కువ చేరింది. ఒళ్లు కరువును గుర్తుపెట్టుకుంటుంది. అందుకే నెలకు రెండు కిలోలకు మించకుండా తగ్గడమే మేలు. తగ్గింది తక్కువైనా ఫలితం పెద్దదే. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన మధుమేహ నివారణ ప్రయోగంలో ఏడు శాతం బరువు తగ్గాలని, వారానికి 150 నిమిషాలు కదలాలని లక్ష్యం పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తగ్గింది. మాత్ర వాడినవారిలో తగ్గింది 31 శాతమే.

2006లో వెలువడిన చెన్నై ప్రయోగం నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. తిండి, నడక మార్చుకున్న భారతీయుల్లో మధుమేహం 28.5 శాతం తగ్గింది, కానీ వాళ్ల బరువు దాదాపు తగ్గలేదు. తూనిక కదలని నెలల్లో నిరాశపడి మానేసేవాళ్లకు ఈ ఒక్క ఫలితం చెప్పాలి.

కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో బరువు తగ్గడానికి అధికారికంగా అందుబాటులోకి వచ్చాయి. మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో సెమాగ్లుటైడ్. పేగుల నుంచి పుట్టే తృప్తి హార్మోన్లను అనుకరించి ఆకలిని తగ్గిస్తాయి. పెద్ద ప్రయోగాల్లో ఏడాదిన్నరలోపు సెమాగ్లుటైడ్‌తో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 20 శాతం దాకా బరువు తగ్గింది. స్థూలకాయం వల్ల జబ్బుల పాలైనవారికి ఇవి నిజమైన ఊరట. మానేస్తే ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చిందని సెమాగ్లుటైడ్ ప్రయోగమే చూపింది. పోయే బరువులో కండ కూడా ఉంటుంది. పుట్టుకతోనే కండ తక్కువైన మనవాళ్లకు అది చిన్న విషయం కాదు.

కండ

తెలుగువాళ్లకు కండ పెంచే సంప్రదాయం లేదనుకోవద్దు. తాలింఖానాలు, గరిడీలు, దండీలు, బస్కీలు, గదలు ఊరూరా ఉండేవి. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. బస్కీ అంటే నేటి స్క్వాట్. దండీ నేటి పుషప్‌కు అన్న. వాటికి డబ్బు అక్కర్లేదు, చాప పరిచేంత స్థలం చాలు. గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టి, తర్వాత బల్ల అంచు, చివరికి నేల. వారానికి రెండు రోజులు, అలిసేదాకా. ముప్పై దాటాక ఏటా కండ తరుగుతూ పోతుంది. రక్తంలోని చక్కెరను అన్నిటికన్నా ఎక్కువగా ఇముడ్చుకునేది ఆ కండే కాబట్టి, తరిగిన ప్రతి పిసరూ మధుమేహానికి దగ్గర చేస్తుంది.

అరవై దాటినవాళ్లలో ఈ తరుగుదల మొదట కాళ్లలో కనిపిస్తుంది. బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమంది. పది మార్కులు. చెయ్యి గానీ మోకాలు గానీ నేలకు ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది, తూలితే అర మార్కు. తక్కువ మార్కులు వచ్చినవాళ్లు తర్వాతి ఏళ్లలో ఎక్కువగా మరణించారని 2012లో ప్రకటించారు. పీట మీద బాసింపట్టు వేసుకుని తిని, కంచం పట్టుకుని లేచే అలవాటున్న తరం రోజుకు మూడుసార్లు ఆ పరీక్ష రాస్తూ ఉండేది. డైనింగ్ టేబుళ్లు వచ్చాక ఇప్పుడు అదే తరంలో చాలామంది కింద కూర్చోమంటే భయపడుతున్నారు. మోకాళ్లు అరిగినవాళ్లను బలవంతంగా కూర్చోబెట్టకూడదు. వాళ్లకు చేతులు లేని కుర్చీ లోంచి, చేతులు గుండెలకు కట్టుకుని లేవడమే పరీక్షా, సాధనా. మోకాళ్లు బాగున్నవాళ్లు కుర్చీ నుంచి ఎత్తు పీటకు, ఎత్తు పీట నుంచి చిన్న పీటకు, అక్కణ్నుంచి చాపకు నెలల తరబడి నెమ్మదిగా దిగవచ్చు. మొదటి నెల పక్కన గోడ ఉండాలి, ఇంట్లో ఒకరు దగ్గరుండాలి.